కుడి జేబు

మార్చి 3, ఆదివారం

కోల్బీ ఇవాళ రాలేదు. చర్చిలో సగంమంది పాట పాడుతూనే మెడలు తిప్పి తలుపు వైపు చూశారు. ఆ తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళను కావలించుకుని పలకరించే పని నాది. అందుకని అందరూ నన్నే చూసినట్టుగా ఉంది. చూసినా తప్పులేదు. వాడు నా కొడుకు.

నిన్న నా కోడలు కెండ్రాకు మెసేజ్ పెట్టాడు. మీ దేవుడి ముందే నా కూతుర్ని ఎత్తుకుపోతా, ఎవడు అడ్డొస్తాడో చూస్తా అని. కెండ్రా ఫోన్ నా చేతికిచ్చింది. చదివాను. ఒక్క పదం తప్పు లేదు. తాగి రాస్తే తప్పులుంటాయి. ఇది తాగి రాసింది కాదు.

జనవరిలో వంటగదిలో తుపాకీతో ఫ్రిజ్‌ను కాల్చాడు. కెండ్రా ఫ్రిజ్ పక్కనే నిలబడి ఉంది. నేను వెళ్ళేసరికి నేలంతా పాలు కారి ఎండిపోయి ఉన్నాయి. ఆ రోజే కెండ్రా కూతురు రెమీని తీసుకుని టౌన్లో వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. వాడు దగ్గరికి రాకూడదని కోర్టు ఆర్డర్ ఉంది. ఆర్డర్ కాగితం వచ్చి గుమ్మంలో నిలబడదు. షెరిఫ్ పోలీసుల కారు రావాలంటే కొండ దిగి వంతెన దాటి రావాలి.

కొన్నాళ్ళు చర్చి మానెయ్యమని చెప్పి చూశాను. ఇల్లు వదిలేశా, కుక్కను వదిలేశా, ఇది కూడా వాడికే రాసిచ్చెయ్యాలా అత్తయ్యా అంది.

ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చున్నాను. తినేది నేనొక్కదాన్నే అని గిన్నె నిండాక గుర్తొచ్చింది.

మార్చి 5, మంగళవారం

వెండెల్ వచ్చాడు. షెరిఫ్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, మా ఆయన డెల్మర్‌కు స్నేహితుడు. ఇప్పుడు చర్చి కాపలా ఆయనదే. ఎక్కడెక్కడో చర్చిల్లో కాల్పులు జరిగాయని టీవీలో చూసి పాస్టర్ తుపాకులకు అనుమతి ఇచ్చాడు. ఒకరు కార్ల దగ్గర, వెండెల్ చివరి బెంచీలో. ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తరు.

కాఫీ సగం తాగాక చెప్పాడు. సిస్టర్, కొన్నాళ్ళు నువ్వు గుమ్మం దగ్గర వద్దు, ఎవడైనా మగాణ్ణి నిలబెడతా అన్నాడు. మగాడు నిలబడితే తోసుకుని లోపలికి పోతాడు, నేను నిలబడితే ఆగుతాడు అన్నాను. ఎందుకాగుతాడు అన్నాడు. నన్ను కావలించుకోకుండా వాడు ఆ గుమ్మం ఎప్పుడూ దాటలేదు అన్నాను.

వెండెల్ కప్పును చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. అయితే ఉత్త చేతుల్తో నిలబడకు, నీకొకటి వాడే కొనిచ్చాడుగా అన్నాడు. ఔనన్నాను. కానీ ఒక్క మాట సిస్టర్, జేబులో పెట్టుకునే ముందే తేల్చుకో, గుమ్మం దగ్గరకొచ్చాక తేల్చుకుంటానంటే కుదరదు అన్నాడు. తేల్చుకోకుండా పెట్టుకున్నావంటే నువ్వే దాన్ని మోసుకెళ్ళి వాడి చేతిలో పెట్టినట్టు అన్నాడు.

వాడు వాడు అనే మాట్లాడుకున్నాం. పేరు ఇద్దరమూ ఎత్తలేదు.

మార్చి 6, బుధవారం

కోళ్ళకు గింజలు వేశాను. మరేం లేదు.

మార్చి 9, శనివారం

పై అరలోంచి రివాల్వర్ డబ్బా దింపాను.

పోయిన ఏడు మదర్స్ డేకి కోల్బీ ఇచ్చాడు. డెల్మర్ పోయి అప్పటికి కొన్ని నెలలే. డెల్మర్ పోయిన వారం ఊరంతా వండి పంపింది, ఫ్రిజ్ తలుపు పడలేదు. మా దగ్గర అంతే, ఎవరైనా పోతే మొదట వంట వస్తుంది, తర్వాత మనుషులు వస్తారు. ఆ తర్వాత ఎవరూ రారు. కోల్బీ మాత్రం ప్రతి ఆదివారం వచ్చాడు. అది రాసి పెట్టాలి. వచ్చాడు.

ఆరోజు చర్చి నుంచి నేరుగా వచ్చి డబ్బా బల్లమీద పెట్టాడు. కోటుకు ఎర్ర కార్నేషన్ పువ్వు ఉంది. మదర్స్ డేకి గుమ్మం దగ్గర పూలపెట్టె పెడతారు కదా, వాడెప్పుడూ అన్నిటికంటే పెద్ద ఎర్రది ఏరుకుంటాడు. చిన్నప్పుడు ఒక్కసారి తెల్లది తీశాడు, పాప్‌కార్న్‌లా ఉందని. చర్చి పూలు చూసుకునే ఆల్వీనా చేతిమీద ఒక్కటిచ్చింది. ఒరే, తెల్లది అమ్మ చచ్చిపోయినవాళ్ళు పెట్టుకునేదిరా, మీ అమ్మ గుండ్రాయిలా నిలబడి ఉంది, ఎర్రది తీసుకో అంది. ఆరాధన ముగిసేదాకా వాడు నా గౌను పట్టుకుని వదల్లేదు.

చిన్న రివాల్వర్. అరచెయ్యి కంటే కొంచెం పెద్దది. దానికి తోలు ఒర. నా నీలం కోటు కుడి జేబులో పెట్టి చూపించాడు. ఆ జేబులో పిప్పరమెంటు బిళ్ళలుంటాయి. చర్చి పిల్లలందరికీ తెలుసు. అడగరు, చెయ్యి పెట్టి తీసుకుపోతారు. కోల్బీ కూడా అలా తిని పెరిగినవాడే. బిళ్ళలన్నీ తీసి ఎడమ జేబులో పోశాడు. అమ్మా, ఈ జేబు ఇక నీది కాదు, దీనిది, తాళంచెవి వద్దు, రుమాలు వద్దు, బిళ్ళ అసలే వద్దు, లోపల ఏదన్నా ఇరుక్కుందంటే నీ కాలే పోతుంది అన్నాడు. ఎవడన్నా తేడాగా కనిపిస్తే ముందే చెయ్యి జేబులో పెట్టుకో, బయటికి తియ్యకు, జేబులో చెయ్యి పెట్టుకున్న ముసలమ్మను చూసి ఎవడూ జడుసుకోడు, అదే దీనిలో సుఖం అన్నాడు.

నేను ముసలమ్మనేంట్రా అన్నాను. నవ్వాడు. వాడు వెళ్ళగానే డబ్బా పై అరలో పెట్టి బిళ్ళలు కుడి జేబులోకి మార్చేశాను.

ఇవాళ దించి చూస్తే సన్నగా దుమ్ము పట్టి ఉంది. తుడిచాను.

మార్చి 12, మంగళవారం

ఇంట్లో జేబులో వేసుకుని తిరుగుతున్నాను. గిన్నెలు కడుగుతుంటే సింకుకు తగిలి టక్కుమంటుంది. కూర్చుంటే తొడమీద బరువు.

ఇవాళ టౌన్‌కు కూడా వేసుకెళ్ళాను. మొదట్లో ప్రతివాళ్ళూ నా జేబునే చూస్తున్నట్టనిపించింది. బ్రెడ్డు కొన్నాను. పెట్రోలు బంకు దగ్గర ఒకాయన తలుపు తీసి పట్టుకుంటే థాంక్స్ చెప్పాను. ఇంటికొచ్చి కోటు కొక్కేనికి తగిలిస్తే బరువుకు ఒక పక్కకు వాలింది. అప్పుడు గుర్తొచ్చింది. మర్చిపోయాను. ఇంత తొందరగా మర్చిపోవచ్చని ఎవరూ చెప్పలేదు.

మార్చి 14, గురువారం

వెండెల్ పొలంలో కంచె గుంజలకు కాగితం పళ్ళాలు కొట్టాడు. దగ్గరగా నిలబెట్టాడు. గుమ్మానికీ కోట్ల కొక్కేలకూ మధ్య ఇంతే దూరం అన్నాడు. కాల్చాను. బాగానే తగిలాయి. చెవుల్లో గింగురుమంది, అంతే.

పళ్ళెం పీకి చిల్లుల్లోంచి నన్ను చూశాడు. గురి బాగానే ఉంది సిస్టర్, కాకపోతే పళ్ళేనికి నువ్వు పాలివ్వలేదుగా అన్నాడు. అన్నాక మొహం ఎర్రగా అయింది. డెల్మర్ ఉంటే ఈ మాటకు నా పళ్ళు రాలగొట్టేవాడు అన్నాడు. లేదు, నవ్వేవాడు అన్నాను. ఇద్దరమూ నవ్వలేదు.

మార్చి 17, ఆదివారం

మొదటిసారి చర్చికి వేసుకెళ్ళాను. బిళ్ళలు ఎడమ జేబులో.

కావలించుకోవడం కుదరలేదు. కుడి తుంటి పక్కకు తిప్పుకుని, ఎడమ చేత్తో మాత్రం పట్టుకోవాల్సి వచ్చింది. ఆల్వీనా ఊరుకుంటుందా. ఏమిటే నెల్డా, నాకేమన్నా గజ్జి పట్టిందా, అరువు అడగొచ్చిన చుట్టాన్ని పట్టుకున్నట్టు సగం సగం పట్టుకున్నావు అంది. నడుంనొప్పి అని చెప్పాను. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఆరాధన అయ్యేలోపు నలుగురు వచ్చి నడుంనొప్పికి మందులు చెప్పారు.

ప్రార్థన మొదలవగానే నేను లోపలి తలుపు మూసి ముందు గదిలో నిలబడతాను. తలుపుకున్న గాజులోంచి లోపలంతా కనిపిస్తుంది. అందరూ కళ్ళు మూసుకున్నా కాపలావాళ్ళు మూసుకోకూడదు. అది వెండెల్ నియమం. పుట్టినప్పట్నుంచీ వస్తున్న చర్చిలో ప్రార్థన వేళ ఎలా ఉంటుందో ఇవాళే చూశాను. అందరి మెడలూ వంగి ఉన్నాయి. ఎవరి మెడ చూసినా లేతగా ఉంది. ప్రార్థన చేస్తూనే పాస్టర్ ఒక కన్ను తెరిచి గడియారం చూసుకుంటాడు. కెండ్రా మూడో బెంచీలో రెమీ తలమీద చెయ్యి పెట్టి కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

తెరిచి ఉన్న కళ్ళు నావీ వెండెల్‌వీ. ఒకసారి చూసుకున్నాం. నేను ప్రార్థన చెయ్యలేదు. కళ్ళు తెరిచి ఎలా చెయ్యాలో నాకు తెలీదు.

మార్చి 22, శుక్రవారం

భోజనం వేళ కోల్బీ ఫోన్ చేశాడు.

ఎక్కడున్నావురా అంటే చెప్పలేదు. రెమీకి పన్ను ఊడిందటగా అన్నాడు. ఎవరు చెప్పారో. ఊడిందన్నాను. ముందు పన్నా అన్నాడు. ఔను ముందుదే అన్నాను. ఫోటో తీసి పంపు అన్నాడు. పంపనన్నాను.

నువ్వెవరి వైపమ్మా అన్నాడు. రెమీ వైపు అన్నాను. నా పిల్లని నాకు కాకుండా చేశారు, చర్చి వాళ్ళూ నువ్వూ కలిసి, వస్తా, ఒకరోజు వస్తా అన్నాడు. ఎందుకొస్తావురా అన్నాను.

తర్వాత గొంతు మామూలుగా అయిపోయింది. తలుపులు గడియ పెట్టుకుంటున్నావా, ఆ రోడ్డులో మత్తుమందు వెధవలు తిరుగుతున్నారు అన్నాడు. నేనిచ్చింది జేబులో పెట్టుకుంటున్నావా అన్నాడు. పెట్టుకుంటున్నానన్నాను. అబ్బ, ఇన్నాళ్ళకు నా మాట విన్నావు, ఆ జేబులో ఇంకేం పెట్టట్లేదు కదా అన్నాడు. లేదన్నాను. మంచిదమ్మా అన్నాడు. సంతోషంగా ఫోన్ పెట్టేశాడు. నిజంగానే సంతోషంగా.

నా గురించి బెంగపడేవాడు ఈ లోకంలో ఇంకా ఒకడున్నాడు. వీడే.

మార్చి 24, ఆదివారం

వేసుకెళ్ళాను. వాడు రాలేదు.

మార్చి 31, ఈస్టర్ ఆదివారం

రాయాలనిపించడం లేదు. రాస్తాను.

చర్చి కిటకిటలాడింది. పిల్లలు బుట్టలతో, దాచిపెట్టిన ఈస్టర్ గుడ్లు వెతుకుతూ నా కాళ్ళచుట్టూ తిరుగుతున్నారు. నేను ఆల్వీనాతో మాట్లాడుతున్నాను. కుడివైపు ఏదో కదిలినట్టనిపించింది. రెమీ. చెయ్యి మణికట్టుదాకా నా కుడి జేబులో ఉంది.

ఎడమ జేబు అని దానికి రెండుసార్లు చెప్పాను. ఆరేళ్ళ పిల్ల. పుట్టినప్పట్నుంచీ కుడి జేబే ఎరుగును.

పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకు తెలీలేదు. లాగి బయటికి తీశాను. చేతిలో ఏమీ లేదు. మణికట్టు మీద నా వేళ్ళు నాలుగూ తెల్లగా పడి, చూస్తుండగానే ఎర్రగా మారాయి. రెమీ ఏడవలేదు. నోరు తెరిచింది, పన్ను లేని సందు కనిపించింది, మళ్ళీ మూసుకుంది. మెల్లిగా వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. వాళ్ళ నాన్న ఇంట్లోకి వచ్చినప్పుడు అలాగే ఆనుకునేది. నేను చూశాను చాలాసార్లు.

ఇవాళ నన్ను చూసి ఆనుకుంది.

ఎడమ జేబులోంచి బిళ్ళ తీసి ఇచ్చాను. తీసుకుంది. తినలేదు.

ఏప్రిల్ 1, సోమవారం

డబ్బాలో పెట్టి పై అరలోకి నెట్టేశాను. బిళ్ళలు మళ్ళీ కుడి జేబులో పోశాను.

ఏప్రిల్ 4, గురువారం

కెండ్రా ఒక్కతే వచ్చింది, డ్యూటీ దిగి, నర్సింగ్‌హోమ్ వంటవాళ్ళ టోపీతోనే. రెమీ చెయ్యి బాగానే ఉందట. నానమ్మ జేబులో వేడి వస్తువుంది, చెయ్యి కాలుతుందని పట్టుకుంది అని కెండ్రా పిల్లకు చెప్పిందట. వేడి వస్తువు జేబులో ఎందుకు పెట్టుకుంది అని రెమీ అడిగిందట.

నేను తీసేశానని చెప్పబోయాను. తనే ముందు మాట్లాడింది. పిల్లకు ఎడమ జేబు అలవాటు చేస్తాను అత్తయ్యా, రోజూ నా కోటుతో నేర్పిస్తా, కానీ మీరు మాత్రం అది తీసెయ్యకండి అంది. గుమ్మంలో మీరున్నారనే ధైర్యంతోనే అక్కడ కళ్ళు మూసుకుంటున్నా, వారం మొత్తంలో నేను కళ్ళు మూసుకునేది ఆ కాసేపే అంది.

వాడొస్తే మీరు, అని ఆగిపోయింది. అడగకు అన్నాను. అడగను అంది. అడగకుండానే నా మొహం చాలాసేపు చూసింది.

తీసేశానని చెప్పలేకపోయాను. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. కాళ్ళమీద పడిందాన్ని ఏం చెయ్యాలో ఆ చెప్పినవాళ్ళు చెప్పలేదు.

ఏప్రిల్ 7, ఆదివారం

వేసుకెళ్ళాను. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

వేసుకోలేదు. మనసంతా ఖాళీ జేబు మీదే ఉంది. తుంటి తిప్పకుండా అందరినీ నిండుగా కావలించుకున్నాను. నడుంనొప్పి తగ్గిందా అని ఆల్వీనా అడిగింది.

ఏప్రిల్ 21, ఆదివారం

వేసుకున్నాను. వాడొచ్చాడు. లోపలికి కాదు. రోడ్డుకు అవతల ట్రక్కు ఆపుకుని కూర్చున్నాడు. కార్ల దగ్గరున్న మనిషి చూసి వెండెల్‌కు చెప్పాడు. వెండెల్ ఫోన్ తీసుకుని బయటికి నడిచాడు. నేను గుమ్మంలోంచి చూశాను. అద్దంలోంచి వాడి టోపీ మాత్రం కనిపించింది. నా చెయ్యి జేబులో ఉంది. ఎప్పుడు పెట్టానో తెలీదు.

మొదటి పాట అయ్యేలోపు వెళ్ళిపోయాడు.

భయం వేసిందా అని వెండెల్ అడిగాడు. లేదన్నాను. ఏమీ వెయ్యలేదు. జనవరి నుంచి నాకేమీ అనిపించడం లేదు. చెబుదామనుకున్నాను, ఎలా చెప్పాలో తెలియక కాఫీ కావాలా అన్నాను.

ఏప్రిల్ 28, ఆదివారం

వేసుకెళ్ళాను. వాన.

మే 5, ఆదివారం

పై ఆదివారం మదర్స్ డే అని పాస్టర్ చెప్పగానే కెండ్రా తిరిగి నా వైపు చూసింది. వెండెల్ కూడా. ఆ రోజు ఎలాంటి కొడుకైనా వస్తాడు.

మే 11, శనివారం

ఆల్వీనా పూలపెట్టె తెచ్చి ఇంట్లో దింపింది. రేపు నేను మోసుకెళ్ళాలి. ఎవరి అమ్మ ఉంది, ఎవరి అమ్మ పోయింది పాస్టర్ కంటే ఆల్వీనాకు బాగా తెలుసు. ఒక్క పువ్వు ఎక్కువ తెప్పించదు, చర్చి సొమ్మంటే ఆమె సొంత సొమ్ము. మీవాడికి కూడా ఎర్రది ఒకటి తెచ్చానే అలవాటు కొద్దీ అంది. తీసెయ్యనా అంది. ఉండనీ అన్నాను.

ఎండలు ముదిరినా ఈ నీలం కోటు వదలవేమిటే, దీన్లోనే పూడ్చమంటావా అంది. ఔనన్నాను.

పూలమీద నీళ్ళు చల్లి చల్లగా ఉండే గదిలో పెట్టాను.

మే 12, ఆదివారం, ఉదయం ఏడు

బల్లమీద ఒక పక్క రివాల్వర్, ఒక పక్క పిప్పరమెంటు బిళ్ళలు.

పెట్టుకునే ముందే తేల్చుకోమన్నాడు వెండెల్. నేనింతవరకు తేల్చుకోలేదు. పెట్టుకోవడం, తీసెయ్యడం, అంతే చేశాను. సరే, పైకి అని చూద్దామనిపించింది. కోల్బీ వస్తే కాలుస్తాను అన్నాను. వంటగదిలో నేనొక్కదాన్నే. మళ్ళీ అన్నాను. బ్రెడ్డు అయిపోయింది, తేవాలి అన్నంత సులువుగా వచ్చింది. గొంతు వణకలేదు. చెయ్యి చూసుకున్నాను, అదీ వణకలేదు.

నా చేత కాదేమోననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. వెండెల్ కూడా అదే అనుకుంటున్నాడు. అది కాదు. నా చేతనవుతుంది. కాల్చి, తుడుచుకుని, ఇంటికొచ్చి కోళ్ళకు గింజలు వేస్తాను. రెమీ చెయ్యి అలా పట్టుకున్నది కూడా ఈ మనిషే.

ఇలాంటి మనిషి జేబులో అది ఉండకూడదు.

పై అరలో పెట్టేశాను. బిళ్ళలు కుడి జేబులో పోసుకున్నాను. వెండెల్‌కు చెప్పను. కెండ్రాకు చెప్పను. చెప్తే గుమ్మంలో నిలబడనివ్వరు. వాడొస్తే ఆగమని చెబుతాను. కన్నదాన్ని, నా మాటకు ఆగుతాడు.

మే 12, మధ్యాహ్నం

వచ్చాడు.

ఒక్కొక్కటే రాస్తాను. పాటలు అయిపోయాయి. వచ్చినవాళ్ళందరూ పూలు పెట్టుకుని కూర్చున్నారు, రానివాళ్ళవి పెట్టెలోనే ఉన్నాయి. పాస్టర్ ప్రార్థనకు లేచాడు. నేను లోపలి తలుపు మూసి ముందు గదిలో నిలబడ్డాను. నాకు నోరు ఎండిపోయింది, బిళ్ళ ఒకటి తీసుకుందామని జేబులో చెయ్యి పెట్టాను. అప్పుడే బయటి తలుపు తెరుచుకుంది.

గడ్డం గీసుకున్నాడు. డెల్మర్ కోటు వేసుకున్నాడు, వాళ్ళ నాన్నను పూడ్చినరోజు వేసుకున్నదే. గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. కోటు లోపల ఏముందో తెలీదు. ట్రక్కు బయట ఇంజను ఆపకుండా వదిలి వచ్చాడు, ఆ చప్పుడు వినిపిస్తోంది. కార్ల దగ్గర ఉండాల్సిన మనిషి ఏమయ్యాడో తెలీదు. ఆ కాపలా మనిషి వాళ్ళమ్మకు పువ్వు పెట్టడానికి లోపలికొచ్చి కూర్చున్నాడని తర్వాత తెలిసింది.

హ్యాపీ మదర్స్ డే అమ్మా అన్నాడు. చేతులు చాచి వచ్చాడు.

నేను చెయ్యి తియ్యలేదు.

ఆగిపోయాడు. నేను చెప్పినట్టే, నా కోసం ఆగాడు. నా మొహం చూశాడు, తర్వాత జేబు చూశాడు. జేబులో చెయ్యి ఎలా పెట్టుకోవాలో నాకు నేర్పింది వాడే కదా. అదేనా అన్నాడు. నేనిచ్చిందేనా అన్నాడు. మొహం ఒకలా అయింది, నవ్వబోయాడనుకుంటాను. చెప్పిన మాట వింటావని అనుకోలేదమ్మా అన్నాడు.

గాజు వైపు చూశాడు. లోపల అందరి మెడలూ వంగి ఉన్నాయి. మూడో బెంచీలో కెండ్రా, రెమీ వెనకనుంచి కనిపిస్తున్నారు. ఒక అడుగు అటు వేశాడు. నేను వాడికీ తలుపుకీ మధ్యకు జరిగాను. చెయ్యి జేబులోనే ఉంది. జేబులో బిళ్ళ నా పిడికిట్లో ఉంది.

నా కోసమా అన్నాడు. చాలా మెల్లిగా అన్నాడు, లోపల ప్రార్థన చెడకుండా. చిన్నప్పట్నుంచీ చర్చిలో మెల్లిగా మాట్లాడమని నేను చెప్పి చెప్పి నేర్పిన గొంతుతో. ఇది నా కోసం పెట్టుకున్నావా అమ్మా అన్నాడు.

ఒక్క మాట చాలు. బిళ్ళరా నాన్నా, పిప్పరమెంటు బిళ్ళ. ఆ మాట నోటిదాకా వచ్చింది. చెయ్యి తీసి చూపిస్తే చాలు. చూపిస్తే వాడు నన్ను కావలించుకుంటాడు. కావలించుకున్నాక ఆ తలుపు తోసుకుని లోపలికి పోతాడో పోడో నాకు తెలీదు.

చెప్పలేదు. తియ్యలేదు. వాడి కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాను. కాలుస్తాననే వాడు నమ్మాడు. నమ్మనిచ్చాను.

వాడు తల ఊపాడు, ఏదో సరుకు ధర విన్నట్టుగా. పూలపెట్టె దగ్గరికి వెళ్ళాడు. ఆల్వీనా వాడికని తెచ్చిన ఎర్రది అలాగే ఉంది. దాన్ని చూశాడు. ముట్టుకోలేదు. తెల్లవాటిలో వేళ్ళు పెట్టి నింపాదిగా వెతికాడు, చిన్నప్పుడు వెతికినట్టే, అన్నిటికంటే పెద్దదాని కోసం. తీసి వాళ్ళ నాన్న కోటు గుండీకన్నంలో గుచ్చుకున్నాడు. వంకరగా వచ్చింది. సరిచేసుకున్నాడు. వెళ్ళిపోయాడు. బయటి తలుపు చప్పుడు కాకుండా మూశాడు.

లోపల ఆమెన్ అన్నారు. తలుపు తెరిచాను. పిల్లలు సండే స్కూలుకు పరుగెత్తుకొచ్చారు. రెమీ అందరికంటే ముందు. నా దగ్గరికొచ్చి, వాళ్ళమ్మ నేర్పినట్టే ఎడమ జేబులో చెయ్యి పెట్టింది. అందులో ఏమీ లేదు. తలెత్తి నన్ను చూసింది. నా కుడి చెయ్యి ఇంకా బయటికి రాలేదు.

కెండ్రా నన్ను దాటి వెళుతూ థాంక్స్ అత్తయ్యా, ఇవాళ ప్రశాంతంగా ఉంది అంది.

వాడు రెమీ కోసం వచ్చాడా, నా కోసం వచ్చాడా? నాకు తెలీదు. వెండెల్‌కు చెప్పాను, వచ్చి వెళ్ళిపోయాడని. మిగతాది చెప్పలేదు. ఏం చూసి వెళ్ళాడు అన్నాడు. నన్ను చూసి అన్నాను.

బిళ్ళ కరిగి అరచేతికి, జేబు గుడ్డకు అంటుకుపోయింది. వేడినీళ్ళలో కడిగాను.

మే 13, సోమవారం

ఆల్వీనా ఫోన్ చేసింది. పూలలో తెల్లది ఒకటి తగ్గిందట. మనలో ఎవరి అమ్మో పోయిందే, మనకు కబురు కూడా లేదు, సిగ్గుచేటు, ఎవరో కనుక్కో, ఏదన్నా వండి పంపాలి కదా అంది. కనుక్కుంటానన్నాను. ఏం వండుతావు అని అడిగాను. చికెన్ నూడుల్స్ అంది.

అది వాడికి ఇష్టమే.